సోమవారం విడుదలైన సైలస్

సోమవారం పొద్దున పరేడ్‌లో గుండ్లవంక జైలు సూపరింటెండెంట్ కోదండరామిగారు చరిత్రాత్మకమైన ప్రకటన ఒకటి చేశారు. పార్లమెంటు సంఘం వస్తోంది. ఖైదీల బాగోగులూ, విడుదలైనవాళ్లకు అందుతున్న చేయూతా కళ్లారా చూసి, ఢిల్లీలో నివేదిక పెడుతుంది.

"దేశం దేశమే మన గేటు దిక్కు చూస్తాండాదప్పా! ఎవురూ గేటు కాడ ఉమ్మొద్దండి," అని ఆయన గద్గద స్వరంతో ముగించారు.

నాలుగో వరుసలో నిలబడ్డ సైలస్‌కు దేశం సంగతి అంతగా పట్టలేదు. ఆ రోజు పదింటికి అతని విడుదల. ఖనిజం లారీల షెడ్డులో మేస్త్రీ నెత్తిన జాకీ రాడ్డుతో ఒకటి వేసినందుకు పడిన పద్దెనిమిది నెలలూ పూర్తయ్యాయి. భార్య కృపమణి సత్యనారాయణపేట చర్చిలో పదిమందిని బతిమాలి, తోరణగల్లులో కంపెనీ బస్సులు నడిపే కాంట్రాక్టరు యోగేశ్ దగ్గర మెకానిక్ పని ఖాయం చేసింది. గురువారం సాయంత్రం ఐదులోపల షెడ్డులో కనబడాలి. లేదంటే ఆ పని వేరేవాళ్లది. యోగేశ్ ఆ మాట కాగితం మీద రాసిచ్చాడు. సైలస్ ఆ కాగితాన్ని జేబులోంచి తీసి రోజుకు నాలుగుసార్లు చదువుకుంటున్నాడు.

పదింటికి సంచి సర్దుకుంటుంటే సూపరింటెండెంటుగారి గదికి రమ్మని పిలుపొచ్చింది. ఆయన మర్యాదగా కుర్చీ చూపించారు. పద్దెనిమిది నెలల్లో సైలస్‌ను కుర్చీలో కూర్చోమన్నది అదే మొదటిసారి. అతనికి భయమేసింది.

సంగతేమిటంటే, విడుదలైన రెండువందల పన్నెండు మందికి ఉపాధి చూపించామని నిరుడు కోదండరామిగారు ఢిల్లీకి రాశారు. చక్కటి అంకె. ఇప్పుడు సంఘంవాళ్లు వాళ్లలో ఒకరిని చూపించండి చాలన్నారు. పెద్దమనుషులు ఇంత చిన్న కోరిక కోరతారని ఎవరనుకుంటారు? ఆదివారమంతా జీపు తిరిగింది. ఒకడు వార్డర్లను చూసి గోడ దూకి పారిపోయాడు. ఇంకొకడు సులువుగానే దొరికాడు, కాకపోతే ఇదే జైలు రెండో బ్యారక్‌లో.

"నీకు ఉద్యోగం ఉండాదంట కదప్పా?" అన్నారు కోదండరామిగారు.

"ఉండాది సార్. మా ఇంటామె చర్చిలో కనుక్కోనింది."

"చర్చి యాడుండాది? మన జిల్లాలోనే కదా! మన జిల్లాలో దొరికిందంటే మనం చూపించినట్లే. పదకొండుకి సంఘం వస్తాది. రెండు ముక్కలు చెప్పి పోదువు."

విడుదలైనవాడిని చూపించాలంటే ముందు విడుదల చేయాలి కదా. అలాంటి విషయాల్లో ఆయన చాలా నిక్కచ్చి మనిషి. రిజిస్టరు తెప్పించి, బయటికి వెళ్లినట్టు సైలస్‌తో సంతకం పెట్టించారు. బయటికి మాత్రం పంపలేదు.

పదకొండుకు సంఘం రాలేదు. తోరణగల్లు గెస్ట్‌హౌస్‌లో భోజనాల దగ్గర ఆలస్యమైందన్నారు. మర్నాడు హంపి చూస్తున్నారన్నారు. రథం రాతిదని తెలిసి సభ్యులు ఆశ్చర్యపోయారట, అందువల్ల బుధవారం విశ్రాంతి అట.

ఈలోపు జైలులో చిన్న చిక్కొకటి వచ్చింది. రోజూ సాయంత్రం బ్యారక్‌లకు తాళం వేసేముందు మనుషుల్ని వరుసల్లో కూర్చోబెట్టి లెక్కపెడతారు. బోర్డు మీద మూడువందల నలభై ఒకటి. హెడ్ వార్డర్ హంపయ్యకు మాత్రం మూడువందల నలభై రెండు వస్తోంది. మూడుసార్లు లెక్కపెట్టాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒకడు తగ్గడం చూశాడు గానీ, ఎక్కువవడం చూడలేదు. కోదండరామిగారు అరనిమిషం ఆలోచించి పరిష్కారం కనిపెట్టారు. సైలస్ మెడలో విజిటర్ బ్యాడ్జి వేసి, లెక్క వేళకు ఆఫీసులో కూర్చోబెట్టమన్నారు. అలాంటి బుర్ర ఈ జిల్లాలోనే ఉండిపోయిందంటే బాధగా ఉంటుంది.

బుధవారం కృపమణి కొత్త నీలం చొక్కా పట్టుకుని ములాఖత్ కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఆ పేరుతో ఖైదీ లేడమ్మా. సోమవారమే విడుదలైనాడు," అన్నాడు హంపయ్య.

"విడుదలైతే ఇంటికి రావాల కదన్నా! యాడున్నాడు మళ్ల?"

"లోపలుండాడు."

"అట్లయితే ఒకతూరి చూపీన్నా."

"ఖైదీ అయితే చూపిస్తును. ఆయప్ప విజిటరు. విజిటర్ని చూసేదానికి విజిటర్ని పంపే రూలు లేదమ్మా." హంపయ్య చెడ్డవాడు కాడు. కళ్లు దించుకునే చెప్పాడు.

"అన్నా, రేపు ఐదు దాటితే ఆ పని పోతాది. ఆయనకి చెప్పన్నా," అని ఆమె చొక్కాతో తిరిగి వెళ్లింది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి సంఘం నిజంగానే వచ్చింది. అధ్యక్షులవారిది దూరపు రాష్ట్రం. ఆయన ఇంగ్లీషుకూ సైలస్ తెలుగుకూ నడుమ కోదండరామిగారే వంతెనగా నిలబడ్డారు. వంటింట్లో పప్పు రుచి చూసి, ఆ రోజే తగిలించిన లైబ్రరీ బోర్డు ముందు ఫొటో దిగి, అధ్యక్షులవారు సైలస్ భుజం తట్టారు. ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగారు.

సైలస్ కళ్లు గోడ గడియారం మీదున్నాయి. "సార్, నేనింకా బయటికే పోలేదు. నాలుగు దినాలాయె. ఐదుకి నేను పనిలో చేరాల. నన్ను పంపీమని చెప్పండి సార్, మీకు పుణ్యముంటాది."

కోదండరామిగారు ఇంగ్లీషులోకి మార్చారు: "విడుదలై నాలుగు రోజులైనా మమ్మల్ని వదిలి వెళ్లడానికి మనసొప్పడం లేదంటున్నాడు సార్. పనికి టైమవుతున్నా మీ దర్శనం కోసం ఆగాడట."

అధ్యక్షులవారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తమ వల్ల ఒక కార్మికుడి ఉద్యోగానికి ఆటంకం కలగకూడదనీ, ఇతన్ని వెంటనే పంపమనీ ఆదేశించి కారెక్కారు. అప్పటికి మూడూ ఇరవై. తోరణగల్లుకు బస్సులో గంట.

సైలస్ సంచి పట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తాడు. హంపయ్య రిజిస్టరు తెరిచి తల గోక్కున్నాడు.

"సంతకం యాడ పెడతావప్పా? సోమవారమే పెట్టేసినావు. ఒక మనిషిని రెండుతూర్లు విడుదల చేస్తే నా ఉద్యోగం పోతాది."

"విజిటర్నే కదన్నా! బ్యాడ్జి చూడు."

"విజిటరైతే లోపలికొచ్చిన టైము ఉండాల. ఎప్పుడొచ్చినావు?"

"పద్దెనిమిది నెలల కిందట."

"అన్ని దినాలు విజిటర్ ఉండకూడదప్పా."

సమస్య కోదండరామిగారి దగ్గరికి వెళ్లింది. ఆయన జైలు మాన్యువల్ తెప్పించి, వేలు తడుపుకుంటూ శ్రద్ధగా చదివారు. ఖైదీ కాడు, సిబ్బంది కాడు, విజిటరూ కాడు. అయినా జైల్లో ఉన్నాడు. అంటే అనుమతి లేకుండా జొరబడ్డాడు. ఆయన మొహం విచ్చుకుంది.

"బెదరొద్దప్పా సైలస్. నీకు లోపలికొచ్చిన దారి కాగితాల్లో లేదు. అదే కదా తంటా? చిన్న కేసు రాస్తే లోపలికి దారి దొరుకుతాది. అది దొరికిందంటే బయటికి దారి దానంతట అదే వస్తాది."

"సార్, గేటు తీస్తే చాలు కద సార్! ఎవురూ చూడరు సార్!"

"ఛ, ఛ! నాలుగు దినాలుగా ఎవురికోసరం ఇంత పద్ధతిగా చేస్తాండాము?"

ఫిర్యాదు మూడు ప్రతులు. రెండో ప్రతి రాస్తుండగా గోడ గడియారం ఐదు కొట్టింది. సైలస్ జేబులోంచి యోగేశ్ ఇచ్చిన కాగితం తీసి చూసుకున్నాడు. ఆ తర్వాత దాన్ని అతను మళ్లీ తీయలేదు.

శుక్రవారం పొద్దున మేజిస్ట్రేటుగారు పదిహేను రోజుల రిమాండు వేశారు. మధ్యాహ్నానికి సైలస్‌ను గుండ్లవంక గేటుకే తీసుకొచ్చి, ఈసారి టైముతో సహా రిజిస్టర్లో ఎక్కించారు. వృత్తి ఏమిటని గుమాస్తా అడిగాడు. పని పోయిందన్నాడు సైలస్.

"పోయిందని రాయకూడదప్పా," అని గుమాస్తా నెమ్మదిగా చెప్పాడు. "తోరణగల్లులో మెకానిక్ అని ఢిల్లీకి రిపోర్టు పోయినాది." అలాగే రాసుకున్నాడు.

రిమాండు ఖైదీకి సొంత బట్టలు వేసుకునే హక్కుంది. పార్లమెంటు సంఘం ఆ హక్కును ప్రత్యేకంగా మెచ్చుకుంది కూడా. కృపమణి మళ్లీ వచ్చి, ఈసారి ఖైదీయే కాబట్టి అడ్డులేకుండా కిటికీలోంచి చొక్కా అందించింది. అతను అక్కడే తొడుక్కున్నాడు.

సాయంత్రం అందరూ వరుసల్లో కూర్చున్నారు. హంపయ్య వేలు చూపిస్తూ లెక్కపెడుతూ వచ్చాడు. నాలుగో వరుసలో నీలం చొక్కా దగ్గర ఒక్క క్షణం ఆగి, ముందుకు సాగాడు. బోర్డు మీద మూడువందల నలభై రెండు. మనుషులు మూడువందల నలభై రెండు.

"సరిపోయింది సార్!" అని అరిచాడు.

సోమవారం నుంచి నిద్రలేని కోదండరామిగారు హాయిగా ఊపిరి పీల్చుకుని ఇంటికి బయలుదేరారు.