ఆరేళ్ల అనుభవం, ఆరు పౌండ్ల పులిహోర

శనివారం పొద్దున చక్రపాణి వేసుకున్న ప్లాను చాలా సులువైనది. ఆరున్నరకి జార్జియాలో తాముండే కమ్మింగ్‌లో కారెక్కడం, తొమ్మిదిన్నరకల్లా నార్త్ కరోలినా కొండల్లో కారు దిగడం, పదింటికి కొండమీంచి లోయలోకి దిగడం, సాయంత్రం ఇంటికొచ్చి సోఫాలో దిగబడడం. రోజంతా దిగడమే గనక దిగులు పడాల్సిన పనేమీ లేదని భార్య జ్ఞానప్రసూనతో రెండుసార్లు అన్నాడు. ఆవిడ రెండుసార్లూ నవ్వలేదు.

ఈ దిగుడు కార్యక్రమానికి కాన్యనింగ్ అని పేరు. ఒంటికి రబ్బరు సూటు తొడుక్కుని, నడుముకి పట్టీలు బిగించుకుని, జలపాతం పక్కనుంచి తాడు పట్టుకుని జారి, కింద మడుగులో పడి, ఈదుకుంటూ ఇంకో జలపాతం దాకా పోయి, మళ్లీ జారాలి. వెంట గైడు ఉంటుంది. బిగినర్స్ కోసమే పెట్టిన ట్రిప్పు. కూతురు వేదని పదహారో పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే ఇదే కావాలంది. "బట్ నాన్న, యు హావ్ టు కమ్ విత్ మీ" అని కూడా అంది.

ఆ పిల్ల తండ్రిని ఎక్కడికైనా రమ్మని పిలిచి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో పిలిచిందల్లా గ్యారేజ్ దాకా, అదీ కారులో ఎక్కడైనా దింపమని. చక్రపాణికి ఈత అంతంతమాత్రం. మేడమెట్ల మీంచి కిందికి చూసినా కళ్లు తిరుగుతాయి. అయినా ఆ మాట పూర్తికాకముందే సరే అనేశాడు. ఈ ఒక్క రోజు బాగా గడిస్తే ఇంకోరోజు కూడా పిలుస్తుందేమోనని అతని ఆశ.

"నేను రాను బాబూ" అంది జ్ఞానప్రసూన పులిహోర కలుపుతూ. "ఇవాళ తెలుగు బడి పిల్లలకి గుణింతాలు చెప్పాలి. మీరు నీళ్లలో మునగండి, నేను వాళ్ల కొమ్ముల్లో దీర్ఘాల్లో మునుగుతాను."

"అమ్మా, ఇంత రైస్ ఎందుకు? దే గివ్ గ్రానోలా బార్స్."

"ఆ బార్లు తిని కడుపు నిండిందన్నవాళ్లని నేనింతవరకూ చూళ్లేదు. నోర్మూసుకుని తీసుకెళ్లు."

ఆరు పౌండ్ల పులిహోర, నీళ్లు చొరకుండా వేద కొనుక్కున్న పసుప్పచ్చ సంచీలోకి దిగింది. ఆ రోజు దిగుళ్లలో అదే మొదటిది.

సరిగ్గా అప్పుడే ఫోన్లో ఫారం వచ్చింది. ఎవరి ఫారం వాళ్లే నింపాలి. పేరు, బరువు, బూటు సైజు దాటాక ఒక గడి ఉంది: కాన్యనింగ్‌లో ఎన్నేళ్ల అనుభవం?

ఇక్కడ చక్రపాణి కుడిచేతి గురించి కొంచెం చెప్పుకోవాలి. ఇరవై రెండేళ్ల క్రితం అతను కొత్తగా అమెరికా వచ్చినప్పుడు, కన్సల్టెన్సీ నడిపే ఆంజనేయప్రసాద్ అతని రెజ్యూమే చూసి నీరసపడ్డాడు. "అనుభవం గడిలో సున్నా పెట్టావేమయ్యా? ముందు అంకె వేసెయ్. తర్వాత తీరిగ్గా నేర్చుకో" అన్నాడు. చక్రపాణి నాలుగు వేశాడు, రెండు శనాదివారాల్లో నేర్చుకున్నాడు, ఉద్యోగం వచ్చింది. అప్పట్నించీ ఎన్నేళ్ల అనుభవం అన్న గడి కనిపిస్తే ఆ చెయ్యి మెదడుని సంప్రదించడం మానేసింది. జిమ్‌లో చేరినప్పుడు పన్నెండేళ్లు అని రాసి, రెండో రోజు నడుం పట్టేసి వారం పడుకున్నాడు. ఆ వారం అనుభవం కాదు, అనుభవించడం.

ఇవాళా అంతే. ఆరు పడింది. కింద తాళ్లు కట్టడం, దారి చూపడం, ప్రథమ చికిత్స అన్న గళ్లన్నిటిలో టిక్కులు పడ్డాయి. సబ్మిట్ నొక్కాక గానీ అతనికి మెలకువ రాలేదు. ఎవరు చూడొచ్చారులే అనుకుని కారు తీశాడు. తనూ ఈ ట్రిప్పుకి పేరిచ్చిన పక్క వీధి స్నేహితుడు జితేందర్ దారిలో ఎక్కాడు.

కొండల్లో పార్కింగ్ దగ్గర గైడు షెల్బీ ఎదురొచ్చింది. పాతికేళ్లుంటాయి, ముఖమంతా ఎండకి కందిపోయి ఉంది. చేతిలో ఉన్న కాగితాలు తిరగేసి, "మీలో ఆరేళ్ల మనిషి ఎవరు?" అంది.

జితేందర్ అటూ ఇటూ చూశాడు. "చిన్నపిల్లల్ని ఎవల్నీ తేలేదు కదా" అన్నాడు తెలుగులో.

"చక్రపాణి" అని కష్టపడి చదివింది షెల్బీ. "సార్, ఆరేళ్ల అనుభవం. నేను ఈ పనిలో చేరి మూడేళ్లే. ఇవాళ మీ దగ్గర నేనే నేర్చుకోవాలి."

వేద తండ్రి వైపు తిరిగింది. "నాన్న? నువ్వు ఇది చేసావ్ ముందు? యు నెవర్ టోల్డ్ మీ."

ఆ కళ్లలో ఒక వెలుగుంది. తను సైకిల్ వెనకసీటు వదిలేసినా పిల్ల పడకుండా తొక్కిన రోజున చూసిన వెలుగు అది. దాన్ని ఆర్పడానికి చక్రపాణికి చేతులు రాలేదు.

"అదేదో చిన్నప్పుడు... ఇండియాలో" అన్నాడు.

"ఏ కాల్వలనే అన్నా?" అన్నాడు జితేందర్. చక్రపాణి వినిపించుకోలేదు.

ట్రిప్పులో ఐదో మనిషి మార్జరీ. అలబామా నుంచి ఒక్కతే వచ్చిన డెబ్బై ఏళ్ల ఆవిడ. తెల్లజుట్టు, మోకాలికి పట్టీ. ఫారంలో సున్నా రాసింది. చక్రపాణికి షేక్‌హ్యాండిచ్చి, "మీ పక్కనే ఉంటాను, మంచిది" అంది.

తర్వాత రబ్బరు సూట్లు. చక్రపాణి ఇరవై నిమిషాలు దానితో కుస్తీ పట్టి, చివరికి గెలిచి బయటికొచ్చాడు. జిప్పు ముందుంది. అది వెనకుండాలి.

"సార్, జిప్పు..." అంది షెల్బీ.

"ఇండియాలో ఇలాగే వేస్తాం."

షెల్బీ ఆలోచనగా తలాడించింది. మార్జరీ లోపలికెళ్లి, తన సూటు విప్పి, తిప్పి వేసుకొచ్చింది.

అక్కడే పిక్నిక్ బల్ల మీద పసుప్పచ్చ సంచీలు రెండున్నాయి. "లోయలో రెండు జలపాతాలు. మొదటిదానికి నా భుజం మీదున్న తాడు చాలు. రెండోది తొంభై అడుగులు, దీనికి ఇంకో తాడు కలిపి కట్టాలి. ఆ తాడు సంచీ మీరు పట్టుకోండి సార్. మీకు విప్పి చూపించక్కర్లేదుగా" అంది షెల్బీ.

ఏ సంచీ అని అడగడానికి కొత్తవాడికైతే హక్కుంది. ఆరేళ్ల అనుభవానికి ఆ హక్కు లేదు. చక్రపాణి రెండూ ఎత్తి చూశాడు. ఒకటి తేలిగ్గా ఉంది, ఒకటి బరువుగా ఉంది. అంతమందిని మోసే తాడు తేలిగ్గా ఎందుకుంటుందని తర్కించుకుని, బరువున్నది భుజాన వేసుకున్నాడు. జ్ఞానప్రసూన చేతి బరువు అతను లెక్కలోకి తీసుకోలేదు.

మొదటి జలపాతం దగ్గర షెల్బీ కొక్కేలన్నీ తనే తగిలించి, "సార్ ముందు దిగి చూపిస్తారు. అందరూ జాగ్రత్తగా చూడండి" అంది. తాడు రెండో కొస ఆవిడ చేతిలోనే ఉంది గనక ప్రాణానికి భయం లేదు, ఉన్నదంతా పరువుకే.

వెనక్కి వాలి, కాళ్లు రాతికి తన్నిపెట్టి దిగాలి. చక్రపాణి భయానికి ముందుకి వాలాడు. తాడోపేడో తేల్చుకుందామని బయల్దేరినవాడికి తాడే దక్కింది, అదీ కాలికి చుట్టుకుని. మరుక్షణం ఆకాశం కింద, నీళ్లు పైన. అలాగే తలకిందులుగా నలభై అడుగులూ దిగి మడుగులో పడ్డాడు. జలపాతం అంటే జలం పడడమని చదువుకున్నాడు, జనం కూడా పడతారని ఇప్పుడే తెలిసింది. సుడి అతన్ని పట్టుకుని గిరగిరా తిప్పింది. చక్రపాణి కాస్తా చక్రపానీ అయ్యాడు. రబ్బరు సూటు తేల్చింది గనక, నాలుగు చుట్ల తర్వాత ఒడ్డు దానంతటదే చేతికొచ్చింది.

"నాన్న, ఆర్ యు ఓకే?" పైనుంచి వేద.

"ఓకే. ఇలా కూడా దిగొచ్చని చూపించా."

"అది ఆరేళ్లవాళ్లకే. మీరెవరూ ట్రై చేయకండి" అంది షెల్బీ మిగతావాళ్లతో.

జితేందర్ బుద్ధిగా కాళ్లు కిందికి పెట్టి దిగొచ్చి, చెవి దగ్గరికొచ్చాడు. "అన్నా, గిది గబ్బిలం టెక్నిక్కా? ఏ యూనివర్సిటీల నేర్పిన్రు?"

అందరూ దిగాక షెల్బీ తాడు లాగి చుట్టుకుంది. ఈదుతూ నడుస్తూ అరగంటలో రెండో జలపాతం అంచుకి చేరారు. చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉంది. వేద అంచు నుంచి తొంగిచూసి, "దిస్ ఈజ్ ద బెస్ట్ బర్త్‌డే" అంది. చక్రపాణి కళ్లు మూసుకునే తలూపాడు.

"సార్, సంచీ" అంది షెల్బీ.

సంచీ మూతి విప్పగానే ఇంగువా కరివేపాకూ కలిసి గుప్పుమన్నాయి. షెల్బీ లోపలికి చూసింది. చెయ్యి పెట్టింది. వేలికంటిన పచ్చటి మెతుకుని పైకెత్తి, "ఇది అన్నం" అంది.

"వదిన పులిహోర" అన్నాడు జితేందర్, భక్తిగా.

తాడు పిక్నిక్ బల్ల మీద ఉండిపోయింది. ఉన్న ఒక్క తాడూ జలపాతం సగం దాకే అందుతుంది. ఫోనుకి సిగ్నల్ లేదు.

షెల్బీ ఒక్క నిమిషం ఆలోచించింది. "విప్పి చూడకపోవడం నా తప్పు. ఇక్కణ్ణుంచి పార్కింగ్‌కి కాలిబాట ఉంది. నేను పరుగెత్తుకెళ్లి తాడు తెస్తాను, గంటంబావు పడుతుంది. మామూలుగా కొత్తవాళ్లని వదిలి గైడు కదలకూడదు, ట్రిప్పు ఆపేసి అందర్నీ వెనక్కి నడిపించుకెళ్లాలి. కానీ అనుభవమున్న మనిషి ఉంటే ఒప్పుకుంటారు. మీరున్నారుగా సార్. ఈ ముగ్గురూ మీ బాధ్యత. సరేనా?"

సరే అంటే ట్రిప్పు నిలుస్తుంది. వేద పుట్టినరోజు నిలుస్తుంది. పొద్దుటి ఆ చూపూ నిలుస్తుంది. కాదంటే అన్నీ ఇక్కడే ఆఖరు. చక్రపాణి వేద బూట్ల వైపు చూశాడు. తడిసిన రాతి మీద, అంచుకి నాలుగడుగుల్లో ఉన్నాయవి. ఆ పిల్ల కాలు జారితే ఏం చెయ్యాలో అతని ఆరేళ్లలో ఒక్క రోజుకీ తెలియదు.

"జీరో" అన్నాడు.

"ఏంటి సార్?"

"నా అనుభవం. సున్నా. ఆరు అబద్ధం. నేనిది ఎప్పుడూ చెయ్యలేదు. నా మీద వదిలి వెళ్లకండి."

ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ అంకె అతని నోట్లోంచి వచ్చింది. బరువైన సంచీ దించినట్టయింది.

వేద అతని ముఖంలోకి చూసింది. "సో... ఇండియా స్టోరీ?"

"ఇండియాలో నేను ఎక్కింది బస్సు, దిగిందీ బస్సే."

"నీకు హైట్స్ అంటే భయం కదా నాన్న. మరి ఎందుకు వచ్చావ్?"

"నువ్వు రమ్మన్నావుగా" అన్నాడు చక్రపాణి.

వేద వచ్చి అతని చెయ్యి పట్టుకుని, అంచు నుంచి రెండడుగులు వెనక్కి లాగింది. "సరే అయితే. వి వాక్ బ్యాక్. ఇట్స్ ఫైన్." ఫైన్ అంటూనే జలపాతం వైపు ఇంకోసారి చూసింది.

అప్పుడు మార్జరీ గొంతు సవరించుకుంది. "నేనొకటి చెప్పొచ్చా? మా ఊళ్లో కొండల్లో, గుహల్లో చిక్కుకున్నవాళ్లని బయటికి తీసే వాలంటీర్ల టీముంది. అందులో ఇరవై ఎనిమిదేళ్లు చేశాను. చివరి పదేళ్లూ టీముకి లీడర్ని."

షెల్బీ నోరు తెరిచింది. "ఫారంలో సున్నా రాశారు కదమ్మా."

"కాన్యనింగ్‌లో ఎన్నేళ్లని అడిగారు. ఇవాళే మొదలు. మరి సున్నాయేగా" అంది మార్జరీ. ఇరవై ఎనిమిదేళ్ల మాట నిరూపించడానికి షెల్బీ భుజం మీది తాడు కొసతో మూడు ముళ్లు వేసి చూపించింది. షెల్బీకి అందులో రెండే తెలుసు.

"మరి ఆ సూటు తిరగేసి ఎందుకు వేసుకున్నారు?" అన్నాడు చక్రపాణి సిగ్గుపడుతూ.

"మీ ఇండియన్ పద్ధతేమో, నేర్చుకుందామనుకున్నాను. గాలాడట్లేదు."

షెల్బీ తాడు కోసం పరుగెత్తింది. మార్జరీ అందర్నీ అంచుకి దూరంగా కూర్చోబెట్టింది. తర్వాత షెల్బీ వాటా తీసిపెట్టి, నలుగురూ చేతులతో పులిహోర తిన్నారు. వేద మూడుసార్లు పెట్టించుకుంది. గ్రానోలా బార్లు జితేందర్ జేబులోనే ఉండిపోయాయి. "గీ లోయల గింత కమ్మగ తినే రాత ఎవలకుంటది అన్నా. నువ్వు గట్టిగ అబద్ధమాడబట్టే గదా" అన్నాడు.

చక్రపాణి ఆ గంటంబావూ ప్రశ్నలు అడిగాడు. ఎంత వాలాలి, చేతులెక్కడ పెట్టాలి, భయమేస్తే ఏం చెయ్యాలి. వేద లెక్కపెట్టింది, ఇరవై ఏడు. ఆఖరి ప్రశ్నకి మార్జరీ, "భయపడుతూనే దిగాలి" అని జవాబిచ్చింది. షెల్బీ తాడుతో వచ్చి, తన వాటా తిని, తాళ్లు రెండూ కట్టి, ముడి తనొకసారి సరిచూసి, మార్జరీని కూడా ఒకసారి చూడమంది. చక్రపాణి భయపడుతూనే, తల పైనా కాళ్లు కిందా ఉంచుకుని తొంభై అడుగులూ దిగాడు. పక్కనుంచి జలపాతం కూడా దిగింది గానీ, అతనంత చూసుకుని దిగలేదు. ముందే దిగిన వేద కిందినుంచి ఒక్కో అడుగూ చెప్తూనే ఉంది. "లెఫ్ట్ కాలు నాన్న. గుడ్. ఇప్పుడు రైట్. ఐ గాట్ యు."

తిరిగొచ్చే దారిలో వేద వెనకసీట్లోంచి, "నాన్న, నెక్స్ట్ మంత్ లాంగ్ ట్రిప్ ఉంది అట. నువ్వు వస్తావ్ కదా? అండ్ మార్జరీ ఆంటీ ఆల్సో" అంది. చక్రపాణి అద్దంలోకి చూశాడు. ఆ కళ్లలో మళ్లీ అదే వెలుగు, ఈసారి దానికోసం అతను అబద్ధమాడాల్సిన పని లేదు.

మర్నాడు పొద్దున్నే కొత్త ఫారం వచ్చింది. ఎన్నేళ్ల అనుభవం? చక్రపాణి చెయ్యి దానంతటదే లేచింది. ఎడం చేత్తో దాన్ని పట్టుకుని ఆపి, ఒక రోజుని మూడువందల అరవై అయిదుతో భాగించి, 0.0027 అని నిజాయితీగా టైపు చేశాడు. ఆ గడిలో రెండు దశాంశాలే పడతాయట, ఫారం దాన్ని సవరించి సున్నా చేసింది. అతను దిద్దలేదు. కింద నైపుణ్యాలు అన్నచోట మాత్రం, పులిహోర మోయుట అని రాశాడు.