రావుగారి దూరదృష్టికి యాంటీబయాటిక్

తెలీబంధా చెరువు పాపం ప్రతి వానకీ తడిసిపోతోందనీ, త్వరలోనే దానికి పైకప్పు వేయిస్తామనీ వార్డు పార్షద్, అంటే కార్పొరేటర్, సూర్యారావుగారు ప్రకటించారు. సభ చప్పట్లతో దద్దరిల్లింది. డెబ్బై దాటిన వయసులో ఇంతటి దూరదృష్టి ఇంకెవరికుందని సెక్రటరీ మహేంద్ర మైకులో పొంగిపోయాడు.

మర్నాడు వారు శంకర్ నగర్ ఎండను భన్‌పురికి తరలిస్తామని సెలవిచ్చారు. సాయంత్రానికల్లా బ్యానర్లు లేచాయి.

ముందు వరసలో కూర్చున్న భార్య వరహాలమ్మకూ అనుమానం రాలేదు. ఆయన ఉపన్యాసాలు ఆమెకు కొత్తా? ఆమెకు అనుమానం వచ్చింది ఇంటికి వచ్చాకే. కంచం ముందు కూర్చున్న రావుగారు తలెత్తి, "వరాలూ, నువ్వు తిన్నావా?" అన్నారు.

పెళ్లయ్యాక ఆ మాట వినడం అదే మొదటిసారి.

"మహేంద్రా, గాడీ నికాలో బేటా! మీ సాబ్‌కి ఏటో అయిపోనాది!"

ఆసుపత్రిలో డాక్టర్ నీలిమ పరీక్షలన్నీ చేయించి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని తేల్చింది.

"పెద్దవయసులో ఒక్కోసారి మంటా జ్వరమూ తెలియవమ్మా. ఉన్నట్టుండి మతి చెదురుతుంది, ఏదేదో మాట్లాడతారు. మందులకు తగ్గిపోతుంది లెండి. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"ఎలగ తెలుస్తాది డాక్టరమ్మా? అందరూ చప్పట్లు కొట్టేస్తంటే!"

సెలైన్ ఎక్కింది, మందులు పడ్డాయి, రావుగారి మతి కుదుటపడింది. ఇకమీదట నీళ్లు బాగా తాగాలనీ, ఒంటేలు ఆపుకోకూడదనీ డాక్టర్ చెప్పింది.

"ఆపుకోక ఏం చెయ్యమంటావమ్మా? పొద్దస్తమానం వార్డులో తిరిగేవాణ్ణి. నీళ్లు తాగాలంటేనే భయం. ఎక్కడా ఒక్క మరుగుదొడ్డి లేదు."

"ఆ వార్డుకి పార్షద్ ఎవరు సార్?" మందుల చీటీ రాస్తూ మామూలుగానే అడిగింది నీలిమ.

రావుగారు పక్కనున్న గ్లాసు అందుకుని నీళ్లు గటగటా తాగేశారు.

ఇంటికి రాగానే అభిమానులు సన్మానసభ పెట్టారు. పూలదండల్లోంచి తల బయటపెట్టి రావుగారు మైకు అందుకున్నారు.

"భాయియోఁ, ఇన్నేళ్లలో నేను మీకు చేసిందేమీ లేదు. చెరువుకి పైకప్పేమిటి, నా మొహం! ముందు బజార్లో మరుగుదొడ్లు కట్టిస్తాను. ఆడవాళ్లకి వేరేగా. ముసలివాళ్లు పట్టుకోడానికి గోడకి కడ్డీలు కూడా పెట్టిస్తాను."

సభలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వరహాలమ్మ ఒక్కతే కళ్లు తుడుచుకుంది.

వేదిక వెనక మహేంద్ర ఫోన్‌లో కంగారుగా అరుస్తున్నాడు.

"డాక్టర్ మేడమ్, జల్దీ అంబులెన్స్ పంపండి! రావుజీకి మళ్లీ తిరగబెట్టింది!"