తొమ్మిదో నంబరు మంచం మందు మింగిన వైనం

మనుషులకు మందులిచ్చే ఆసుపత్రులు లోకంలో చాలా ఉన్నాయి. మంచాలకు మందులిచ్చే ఆసుపత్రిని మాత్రం పంతొమ్మిది వందల అరవై ఏడులో ఒక్కదాన్నే చూశాను. ఊరి పేరు చెప్పను. తెనాలిలో రేపల్లె రైలెక్కి, దిగాల్సిన చోట దిగితే వస్తుంది.

అక్కడి నియమం సులభం. ప్రతి మంచానికీ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఒక మందు. ఆ మంచం మీద ఎవరున్నారన్నది వైద్యానికి సంబంధించిన విషయం కాదు. ఈ పద్ధతిని ప్రవేశపెట్టిన మహానుభావులు మందుల పర్యవేక్షకులు వెంకటకృష్ణయ్యగారు. "ఇంటిపేరు పెళ్ళితో మారుతుంది, ముద్దుపేరు ఊరూరా మారుతుంది. మంచం నంబరు మారదమ్మా," అనేవారు.

ఆడవాళ్ళ వార్డులో చిక్కల్లా ఏడో నంబరు. దాని మీద పడుకున్నవాళ్ళు వరసగా వెళ్ళిపోయారు. (ఇంటికి కాదు.) అందుకని ఏడో నంబరు దక్కిన గంగరత్నం, నిజాంపట్నంలో ఎండుచేపలు అమ్మే మనిషి, ఎనిమిదిలోకి జరిగింది. ఎనిమిదిలో ఉండాల్సిన మా అక్క మంగాయమ్మ తొమ్మిదిలోకి జరిగింది. తొమ్మిది అసలు చాంద్ బీది. వరస అక్కడితో అయిపోయింది గనుక ఆవిడ చాప మీదికి జరిగింది. ఈ ఏర్పాటును నేను మనస్ఫూర్తిగా సమర్థించాను. పొన్నూరు బస్సెక్కే చుట్టానికి చెయ్యి ఊపాలన్నా నేను తలుపు చాటుకు పోతాను. ఏడో నంబరుకు అక్క ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

మరి మందులంటారా? నర్సు మంచాలకు బిళ్ళలిచ్చి అటు తిరగ్గానే, పేరంటంలో తాంబూలాలు అందించుకున్నట్టు అవి చేతులు మారేవి. గుండె బిళ్ళ అక్కకు, చక్కెర జబ్బు బిళ్ళ చాంద్ బీకి, ఖాళీ మంచం దిండు మీద పెట్టిన బిళ్ళ గంగరత్నానికి. ఏనాడూ పొరపాటు జరగలేదు.

ఇంత చక్కగా నడిచేదాన్ని సంస్కరించాలని పైవాళ్ళకు తోచింది. ఆవరణలో కోళ్ళు బిళ్ళలు ఏరుకు తింటున్నాయట. (గంగరత్నానికి చేదు పడదు.) కాబట్టి ఇకమీదట నర్సు దగ్గరుండి మింగించాలి, నోరు తెరిపించి చూడాలి.

మొదటి రోజే ఈ పని, నర్సు శిక్షణ కోసం తెనాలి నుంచి వచ్చిన సామ్రాజ్యం అనే పిల్ల మీద పడింది. పర్యవేక్షకులు గుమ్మంలో నిలబడ్డారు. నేను వరండాలో చెంబు నింపుకుంటూ వింటున్నాను.

"మీ పేరేంటి పెద్దమ్మా?" అని అక్కను అడిగింది ఆ పిల్ల.

"పేరెందుకు? నంబరు చూడు," అన్నారాయన.

"అడిగే ఇమ్మన్నారండి మాకు. మనిషి సరైనదా, మందు సరైనదా, మోతాదు, వేళ, సూదా నోటికా, అన్నీ చూసుకుని..."

"అవన్నీ కలిపేగా నంబరేసింది! ఊఁ, కానీ."

ఆ బిళ్ళ తనది కాదని అక్క అంటే, గంగరత్నాన్ని మళ్ళీ ఏడులోకి పంపేస్తారు. అక్క మొహమాటస్తురాలు. నేను లోపలికొచ్చేసరికి నోరు తెరిచి చూపిస్తోంది.

గంగరత్నం మాత్రం గుండె బిళ్ళ బుగ్గన దాచి, ఆయన వెళ్ళగానే కొంగుతో తుడిచి అందించింది. "నీదే వొదినా. కాస్త నానింది, ఏమనుకోకు."

టిఫిన్ రానేలేదు. అక్కకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. "ఏడో నంబరుకి మనం దూరంగా జరిగితే, అదే నా దగ్గరికి జరిగిందే చెల్లీ," అంది. నేను నర్సు కోసం కేకేశాను.

సామ్రాజ్యం పరుగున వచ్చి నాడి పట్టుకుంది. "పెద్దమ్మా, మీకు చక్కెర జబ్బుందా?"

"నాకెందుకే తల్లీ! నాది గుండె."

"మరి తొమ్మిదో నంబరు చీటీ మీదున్న చాంద్ బీ ఎవరు?"

"నేనే బేటీ," అని చాప మీద నుంచి సమాధానం వచ్చింది.

ఆ పిల్ల వార్డంతా కలయజూసింది. "పంచదార! ఎవరి దగ్గరన్నా పంచదారుందా?"

చాంద్ బీ బొడ్లోంచి పొట్లం తీసింది. (చక్కెర జబ్బు మనిషి బొడ్లో పంచదార ఎందుకుందని ఆ క్షణాన ఎవరూ అడగలేదు.) నీళ్ళలో కలిపి పట్టించాక, కాసేపటికి అక్క తేరుకుని, టిఫిన్ ఏదని అడిగింది.

మధ్యాహ్నం విచారణ జరిగింది. తొమ్మిదో మంచానికి రాసిన మందు తొమ్మిదో మంచానికే, వేళకే, పూర్తిగా అందినట్టు తేలింది. విధి నిర్వహణలో రోగి పేరు అడిగినందుకు సామ్రాజ్యాన్ని మందలించారు.

నేను ఉండబట్టలేక అడిగాను: "మా అక్కకేమన్నా అయ్యుంటే ఏం చేసేవారండీ?"

ఆయన ఎంతో దయగా చూశారు. "ఊరికే బెంగపెట్టుకోకమ్మా. ఏదన్నా జరిగినా పోయేది తొమ్మిదో నంబరు చాంద్ బీ. మీ అక్కగారు ఎనిమిదిలో క్షేమంగా ఉండేవారు."

ఎంతమందినో సాగనంపాను గానీ, నాకింత ధైర్యం ఎవరూ చెప్పలేదు.

"మరి నేనో సార్?" అంది చాంద్ బీ.

ఆయన కిందికి చూశారు. "చాపకి నంబరు లేదుగా," అన్నారు.