మేజోడులో కత్తి

అసలుకీ నకలుకీ తేడా తెలియనివాళ్ళంటే నాకు జాలి అని మా ఓబన్ ఊళ్ళో అందరికీ చెబుతుంటాను. నిజానికి జాలి కాదు, అలాంటివాడు దొరికితే నాకు పండగ. కొత్త కిల్ట్, అదే మా మగాళ్ళ గళ్ళ పావడా, కట్టుకుని ఎవడైనా పడవ దిగాడా, వాడి నడుం సంచి పట్టుకుని, "నాయనా, ఇది సీల్ జంతువు తోలు కాదు, ఓడెక్కి వచ్చిన కుందేలు బొచ్చు" అని చెప్పేదాకా నాకు అన్నం సహించదు.

"మీరు చెప్పకపోతే పాపం ఆ మనిషి సుఖంగా ఊరెళ్ళేవాడుగా," అంటుంది మా ఆవిడ ఇష్బెల్.

"తెలియకపోవడం సుఖమా?"

"మిమ్మల్ని చూస్తే అలాగే అనిపిస్తుంది మరి."

నా పాండిత్యానికంతటికీ మూలం మా మామగారి కత్తి. దుప్పి కొమ్ము పిడి, నల్లతోలు ఒర, అంతా కలిపి జానెడు. కిల్ట్ కట్టినప్పుడు పిడి మాత్రం కనబడేలా కుడికాలి మేజోడులో దోపుకోవాలి. వాళ్ళింటి ఆచారం ఏమిటంటే, పెళ్ళికూతురి తండ్రి విందులో దానితో హగ్గిస్, అంటే గొర్రె పొట్టలో కూరి ఉడికించిన మాంసం, కోసి, ఆ కత్తిని అల్లుడి మేజోడులో పెట్టాలి. పెళ్ళిలో తప్ప ఒరలోంచి తీయకూడదు, తీస్తే అరిష్టం. ఈ నియమం మా అత్తగారు యూఫీమియా నా పెళ్ళిరోజునే చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను తీయలేదు. ఆవిడకి నేను సూక్ష్మదర్శిని అని పేరు పెట్టాను, ఇంట్లో ఎవరికీ వినబడకుండా.

మా అమ్మాయి కర్స్టీ పెళ్ళి మూడు వారాలుందనగా ఆ కత్తిని సముద్రంలో పడేశాను.

చేపలకి వెళ్తూ కిల్ట్ ఎందుకయ్యా అంటారు. పక్క పడవలో కొత్తవాళ్ళుంటే నాలుగు మంచి మాటలు చెబుదామని. గాలానికి చేప పడింది, వంగాను, డుబుక్కుమంది. చేప కూడా పోయింది.

ఇంట్లో నిజం చెప్పేస్తే పోయేదిగా అని మీరనచ్చు. మీకు మా అత్తగారు తెలియదు. ముప్ఫై ఏళ్ళు కావస్తున్నా ఆవిడ నన్ను కూతురింటికి వచ్చిన చుట్టంలాగే చూస్తుంది. ఆ కత్తి ఒక్కటే ఆవిడ నా చేతికి నమ్మి ఇచ్చిన వస్తువు.

టోపీ కళ్ళమీదకి లాక్కుని రేవు దగ్గర బొమ్మల కొట్టుకి వెళ్ళాను.

"అయ్యగారూ, ఈ కత్తులు నకలని రాసి పెట్టమని పోట్లాడింది మీరే కదా?" అన్నాడు కొట్టువాడు.

"మా మేనల్లుడికి."

"మీకు మేనల్లుడు లేడుగా?"

"పుడతాడు," అన్నాను.

ప్లాస్టిక్ పిడిని మూడు రోజులు టీ డికాషన్‌లో నానబెట్టాను. గొర్రె కొవ్వు పట్టించాను. తర్వాత పొయ్యి గూటిలో పీట్ మట్టిగడ్డల పొగకి వేలాడదీశాను.

"ఏమండీ, పొయ్యిలో వేలాడుతున్నదేమిటి?"

"చేప."

"డబ్బాలో టీపొడి ఏమైంది?"

"తాగాను."

"మీరా, చేపా?"

ఇష్బెల్ ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం చూసి భయపడాల్సింది, నేను సంతోషించాను. కత్తి మాత్రం ఒరలోంచి ఎంత లాగినా రాలేదు. నాసిరకం అయితే లొడలొడలాడుతుందని ఊరంతా చాటింది నేనే కనక, ఆ బిగువు చూసి మురిసిపోయాను.

పెళ్ళిరోజు పొద్దున్నే మా అత్తగారు కొవ్వొత్తి వెలిగించి సూది కాలుస్తూ కూర్చుంది.

"అల్లుడుగారూ, కొమ్మయితే కాలిన వెంట్రుక వాసన, ప్లాస్టిక్ అయితే కాలిన దువ్వెన కంపు అంటుంటారే, ఏదీ, కాలు ఇలా పెట్టండి."

"పెళ్ళిపూట పరీక్షలేమిటత్తయ్యా!" అని కాలు మడిచి ఒంటికాలిమీద పరుగెత్తాను.

విందు మొదలైంది. బ్యాగ్‌పైపు ఊదేవాడు ముందు, పళ్ళెంలో పొగలు కక్కే హగ్గిస్ వెనక. అందరూ లేచి నిలబడ్డారు. అల్లుడు రూరీ మేజోడు సర్దుకున్నాడు. నేను కత్తి తీసి ఒక్క గుంజు గుంజాను.

పిడి ఊడి వచ్చింది. పిడి తర్వాత ఏమీ లేదు.

పైపు ఆగింది. రూరీ నా చేతిలోకి తొంగిచూసి, "మామయ్యా, మిగతాది?" అన్నాడు.

పిల్ల పెళ్ళిలో పరువు పోయిందని నాకు నిజంగా ఏడుపొచ్చింది. అప్పుడు ఇష్బెల్ నవ్వుతూ లేచింది.

"మా ఆయన ఎక్కడికెళ్ళినా నకలు చూపించందే అసలు చూపించరు. అలవాటు!" అని భుజంమీద వేసుకున్న గళ్ళ పట్టీ మడతలోంచి కత్తి తీసి నా చేతిలో పెట్టింది. దుప్పి కొమ్ము పిడి, తళతళలాడే అంచు. జనం చప్పట్లు. నేను హగ్గిస్ కోశాను, కత్తిని అల్లుడి మేజోడులో దోపాను.

తర్వాత వంటింటి పక్కకి లాగి అడిగాను. "ఇది సముద్రంలో కదా పడింది?"

"ఓహో, సముద్రంలోనా! ఏ గడ్డివాములోనో అనుకున్నా," అంది ఇష్బెల్. "పడింది కూడా నకలేనండీ. మన పెళ్ళి రాత్రి మీరు మేజోళ్ళతోనే గుర్రుపెట్టారు. అప్పుడే మార్చేశా. కొన్నది అదే కొట్టులో, అప్పుడు ఆ కొట్టువాడి నాన్న ఉండేవాడు."

"ఇరవై ఎనిమిదేళ్ళు! దాని పిడి చూపించే కదా నేను ఊరందరికీ పాఠం చెప్పింది!"

"బాగా చెప్పారు," అంది మా వెనకే వచ్చిన అత్తగారు. "మీ మామగారికీ నేనంతే చేశాను. పాపం, మీ పెళ్ళిరోజు నేను అసలుది పెట్టేదాకా ఒక్కసారీ ఒరలోంచి తీయలేదు. ఇంట్లో మగాళ్ళు వస్తువులు పోగొడతారు నాయనా, ఎవరి తప్పూ కాదు."

"మరి పొద్దున ఆ సూది?"

"ఒంటికాలిమీద ఎలా పరుగెడతారో చూద్దామని."

అని నా బుగ్గ గిల్లింది. ఇన్నేళ్ళలో మొదటిసారి. నేను కూడా నవ్వేశాను, ఇంకేం చేస్తాను!

మొన్న ఆదివారం కర్స్టీ వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. రూరీ కాలు చాపి, మేజోడులో పిడి తట్టి, "చూశారా మామయ్యా, అసలు దుప్పి కొమ్మంటే ఇలా ఉండాలి," అన్నాడు. కొద్దిగా టీ వాసన వచ్చింది. కర్స్టీ నావైపు చూసింది.

"అవును నాయనా, చాలా బాగుంది," అన్నాను. "పెళ్ళిలో తప్ప తీయకు. అరిష్టం."