మన లేట్ ప్రెసిడెంట్

శనివారం పొద్దున టీలోకి స్కోన్లు అనే చిన్న రొట్టెల పిండి కలుపుతున్నా ఐలీన్ మనసు అక్కడ లేదు. మధ్యాహ్నం బౌల్స్ క్లబ్బులో, బంతులు దొర్లించి ఆడే కొత్త పచ్చిక ప్రారంభం. దాన్ని మాజీ ప్రెసిడెంట్ క్లైవ్ పాస్కో గౌరవార్థం చేస్తున్నారని క్లబ్బు పత్రికలో రాసింది ఆమే. నిరుడు ఆయన్ని 'ఫార్మర్ ప్రెసిడెంట్' అని రాయబోతే, ఇంగ్లిషులో 'o' బదులు 'a' పడి రైతు అయ్యాడు. జన్మంతా పోస్టాఫీసులో పనిచేసిన మనిషిని ఊరంతా కోడిగుడ్లు అడిగింది. అందుకే ఈసారి నిఘంటువు తిరగేసి, 'ఇటీవలే పదవి దిగినవాడు' అన్న అర్థం చూసుకుని 'మన లేట్ ప్రెసిడెంట్' అని రాసింది. ఆ అర్థం కంటే ముందున్నవాటిని చదివే ఓపిక ఆమెకు లేకపోయింది.

ఫోన్ మోగింది. మాంసం కొట్టు మోరీన్.

"ఇప్పుడే చదివాను ఐలీన్. పాపం క్లైవ్! చాలా బాధపడ్డాడా?"

పదవి పోయిన సంగతనుకుంది ఐలీన్. "మొదట్లో పడ్డాడు. ఇప్పుడు హాయిగా ఉన్నాడులే."

అవతల మోరీన్ ముక్కు చీదింది.

"జలుబు చేసినట్టుంది, వేడిగా ఏదైనా తాగు," అని ఐలీన్ ఫోన్ పెట్టేసింది.

స్కోన్లతో క్లబ్బుకు వెళ్లేసరికి జెండా సగానికి దించి ఉంది. ప్రెసిడెంట్ గోర్డన్ నల్ల టై కట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరు పోయారు?" అంది ఐలీన్.

"అదేంటమ్మా, నువ్వే కదా రాశావు!"

'లేట్' అంటే ఏమిటో ఐలీన్‌కు అప్పుడు వెలిగింది. స్కోన్ల పళ్లెం గోర్డన్ చేతుల్లో కుక్కి, కారు తీసి క్లైవ్ ఇంటికి పరుగెత్తించింది. ఒంటరిగా ఉంటున్న క్లైవ్ పొద్దున్నే చేపలకు వెళ్లి అప్పుడే వచ్చాడు. వరండా నిండా మూతలు పెట్టిన గిన్నెలు, చావింటికి వచ్చే బంధువుల కోసం ఊరు పెట్టివెళ్లినవి. బూట్లయినా విప్పకుండా ఒకదాంట్లోంచి మాంసం కూర తింటున్నాడు.

"ఎవరో మహానుభావులు పెట్టిపోయారు. ఇవాళ నా పుట్టినరోజు కూడా కాదే!"

"క్లైవ్, నువ్వు చచ్చిపోయావు!"

చెంచా ఆగింది. "ఎప్పుడు?"

"నేనే చంపాను. ఫార్మర్ అంటే కుర్చీ పోయినవాడు. లేట్ అంటే ప్రాణమే పోయినవాడట. రెండూ ఒకటే అనుకుని రాసేశాను."

క్లైవ్ ఆమెను ఎగాదిగా చూశాడు. "పోయినసారి రైతును చేశావు. ఈసారి ఏకంగా ఎరువును చేశావు."

"తర్వాత తిడుదువుగాని, ముందు పద!"

వాళ్లు చేరేసరికి హాలు కిక్కిరిసి ఉంది. వేదిక మీద గోర్డన్ సంతాపం చెబుతున్నాడు.

"ఈ పచ్చిక ఆలోచన క్లైవ్‌దే. నాదని చెప్పుకుని ఎన్నిక గెలిచాను. ఆయనే బతికుంటే, ఈ క్షణం కుర్చీ ఇచ్చేసేవాణ్ణి!"

హాలంతా కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టింది.

"సరే, ఇచ్చెయ్," అన్నాడు వెనక తలుపు దగ్గర నుంచి క్లైవ్.

ఎవరి చేతిలోనో కప్పు భళ్లున పగిలింది. మోరీన్ కెవ్వుమని అరిచి, వెంటనే ఆయన్ని కావిలించుకుంది. చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి, ఈసారి ఎంతకీ ఆగలేదు. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి గోర్డన్ రెండుసార్లు నోరు తెరిచాడు గానీ, ఆ హోరులో ఎవరికీ వినబడలేదు. సాయంత్రానికి క్లైవ్ మళ్లీ ప్రెసిడెంట్ అయ్యాడు.

ఆ తర్వాత ఎవరి అంత్యక్రియల్లో మాట్లాడవలసి వచ్చినా, గోర్డన్ ముందు శవపేటిక దగ్గరికి వెళ్లి ఒకసారి తొంగిచూసి వచ్చేవాడు.