చల్లని మంట

మాంసంలో దాక్కుని ఉన్న వైరస్‌లన్నిటికీ ఇదే తన ఆఖరి హెచ్చరిక అని మంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటన చేసిన మైకు నాదే. ఈ ఊళ్లో మీటింగులకి మైకు సెట్టు అద్దెకిచ్చేది నేను కాబట్టి, పెద్దవాళ్ల మాటలు అందరికన్నా ముందు నాకే వినబడతాయి. రోగులతో మాట్లాడే మంత్రుల్ని చాలామందిని చూశాను. నేరుగా రోగంతోనే మాట్లాడిన మంత్రిని చూడటం అదే మొదలు.

సంగతేమిటంటే, ఊళ్లో కొందరికి మాంసం తిన్నాక వాంతులూ జ్వరాలూ పట్టుకున్నాయి. సరిగా ఉడకని ముక్కల్లో వైరస్ బతికే ఉందని డాక్టర్లు తేల్చారు. మంత్రిగారు ఆ సాయంత్రమే మాంసం వండే మెస్సులన్నిటికీ తాళాలు వేయించారు. అందులో మా బావ మెస్సు కూడా ఉంది. అక్కడ తిని ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తాళం వేసేటప్పుడు పక్షపాతం పనికిరాదన్నది మంత్రిగారి సిద్ధాంతం.

మా అక్క నా దగ్గరికొచ్చి కూలబడింది. "తమ్ముడూ, నీకు మంత్రులందరూ తెలుసు కదరా. మీ బావ రోజంతా ఇంట్లో కూచుని నా వంటకి వంకలు పెడుతున్నాడు. ఆ మెస్సు తెరవకపోతే మేం బతికేదెట్లా?"

నాకు తెలిసింది మంత్రుల గొంతులే, మంత్రులు కారు. అయినా అక్క ముఖం చూడలేక, మైకు సర్దే వంకతో డైరెక్టరుగారి చెవిన వేశాను. ఆహార భద్రత శాఖలో మంత్రిగారి తర్వాత ఆయనే.

"మంచిమాట చెప్పావయ్యా," అన్నారాయన. "మాంసం బాగా ఉడికించాలని మేం చేపట్టే వేడి ఉద్యమం ప్రారంభోత్సవానికి ఒక వంటవాడు కావాలి. మంత్రిగారు స్వయంగా స్టేజి మీద మాంసం ఉడికించి, వైరస్‌ని చంపి, జనానికి వడ్డిస్తారు. మీ బావ పక్కన నిలబడితే చాలు. తిన్నవాళ్లు మర్నాటికి కులాసాగా ఉంటే తాళం తీయిస్తాను."

"కులాసాగా లేకపోతే సార్?"

"మెస్సు శాశ్వతంగా మూత. వంట బాధ్యత వంటవాడిది కదా. మంత్రిగారిది నాయకత్వం మాత్రమే."

సభ కొత్త ఏసీ హాల్లో పెట్టారు. ముందురోజు ఏర్పాట్లప్పుడు హాలు మేనేజరు స్టేజి మీద పొయ్యి చూసి గుండె పట్టుకున్నాడు. అగ్గిపుల్ల గీస్తే చాలు, పైకప్పులోంచి నీళ్లు కురుస్తాయట, కార్పెట్టు పోతుందట. పోనీ బయట మైదానంలో పెట్టుకుందామా అని డైరెక్టరుగారు నసిగారు.

"ఎండలోనా?" అన్నారు మంత్రిగారు. "వేడి గురించి మనసుపెట్టి మాట్లాడాలంటే మనిషి చల్లగా ఉండాలయ్యా."

ఇంత లోతైన మాట నా స్పీకర్లలోంచి అంతకుముందెన్నడూ రాలేదు. స్టేజి డెకరేషన్ వాళ్లు వెంటనే ఎర్ర గుడ్డ పీలికలూ పసుపు గుడ్డ పీలికలూ కట్టి, కింద ఒక ఎర్ర బల్బు, ఒక టేబుల్ ఫ్యాను పెట్టారు. ఆ ఫ్యాను కూడా నాదే. స్విచ్ వేయగానే మంట రెపరెపలాడింది. మంత్రిగారు చుట్టూ తిరిగి చూశారు.

"బాగుంది. పొగ లేదు, మసి లేదు. అసలు మంటకన్నా క్రమశిక్షణ ఉంది దీనికి. కానీ కుతకుతమనే చప్పుడేదీ?"

అందరూ నావైపు చూశారు. నేను తెర వెనక్కి వెళ్లి, మైకు ముందు గ్లాసుడు నీళ్లు పెట్టుకుని, స్ట్రాతో ఊదాను. హాలంతా కుతకుతలాడింది. నా వృత్తి మీద నాకే గౌరవం పెరిగింది.

వంటకి ఒప్పుకున్న బావ కూడా అక్కడే ఉన్నాడు. నన్ను పక్కకి లాగి, "ఒరేయ్, దీని మీద మాంసం ఎప్పటికి ఉడుకుతుందిరా?" అన్నాడు.

"ఉడకదు బావా. ఫ్యాను గాలికి ఇంకాస్త చల్లబడుతుంది."

మర్నాడు పొద్దున్నే బావ ఇంటి పెరట్లో పొయ్యి వెలిగించాడు. పైపైన ఉడికితే సరిపోదు, ముక్క నడిమధ్యకి వేడి చేరాలని ఆయన పట్టుదల. అన్నిట్లోకీ పెద్ద ముక్క తీసి, కోసి, లోపల చూడటం, మళ్లీ మూత పెట్టడం. "ఉడికింది చాలు, సభ అయిపోతుంది," అంటుంది అక్క. "సభ అయిపోతే మళ్లీ పెడతారే, మెస్సు పోతే ఎవడు పెడతాడు," అంటాడు బావ. చివరికి పొగలు కక్కే గిన్నెని దుప్పట్లో చుట్టి ఆటోలో హాలుకి చేర్చాం.

సభ అద్భుతంగా జరిగింది. గుడ్డ మంట మీద గిన్నె పెట్టారు. మంత్రిగారు గరిటె తిప్పుతూ, "ఇప్పుడెక్కడికి పోతావు వైరస్?" అని గర్జించారు. సరిగ్గా అప్పుడే నాకు ఊపిరి చాలక కుతకుత ఆగిపోయింది. హాలు నిశ్శబ్దమైంది. మంత్రిగారు గిన్నెలోకి వంగి చూసి, నిదానంగా తల ఎత్తారు.

"చచ్చింది," అన్నారు.

చప్పట్లకి నా స్పీకరు ఒకటి పాడైంది. అందరూ తృప్తిగా తిన్నారు. ఆ రాత్రి అక్కా బావా కంటిమీద కునుకు లేకుండా గడిపారు కానీ, పొద్దున్నకి అందరూ కులాసాగానే ఉన్నారు. డైరెక్టరుగారు మాట నిలబెట్టుకుని తాళం తీయించారు. బావ సంతోషం పట్టలేక అక్క వంటని మెచ్చుకున్నాడు.

వారం తిరక్కుండా మంత్రిగారు ఇంకో ప్రకటన చేశారు. పొగ లేకుండా, ఖర్చు లేకుండా, వేడి కూడా లేకుండా వైరస్‌ని చంపే విధానం మన శాఖే కనిపెట్టిందని, మూతపడ్డ మెస్సులన్నీ తెరిచి ఇకమీదట గుడ్డ మంటే వాడాలని, రెండు రకాల మంటలుంటే ప్రజలు తికమకపడతారు కాబట్టి అసలు మంట పెట్టినవాళ్ల మెస్సు మూయిస్తామని. ప్రతి మెస్సుకీ ఒక గుడ్డ, ఒక బల్బు, ఒక ఫ్యాను, కుతకుత రికార్డు చేసిన క్యాసెట్టు ఇచ్చారు. క్యాసెట్టులో ఉన్నది నా ఊపిరే.

నేను ఉండబట్టలేక డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లాను. "సార్, ఆ రోజు మాంసం మా బావ ఇంట్లోనే ముందుగా..."

"అంటే మంత్రిగారు చంపిన వైరస్‌ని మీ బావ ముందే చంపేశాడంటావా?"

"అది కాదు సార్..."

"చచ్చినదాన్ని మంత్రిగారు మళ్లీ చంపారంటావా?"

"ఛ, ఛ, అననండి," అని వచ్చేశాను.

బావ మెస్సుని ఆదర్శ మెస్సు చేశారు. ముందు గదిలో గుడ్డ మంట, బయట బోర్డు. బావ మాత్రం వెనక రేకుల గది కట్టించి, తలుపు గడియ పెట్టుకుని, అసలు పొయ్యి మీద వండుతున్నాడు. "పట్టుబడితే ఈసారి తాళం తీయరు బావా," అన్నాను. "తెలుసురా. అలాగని పచ్చిమాంసం పెట్టి జనాన్ని పడుకోబెట్టమంటావా?" అన్నాడు. ఆ మాటకి నాకు బావ మీద మొదటిసారి నిజంగా గౌరవం కలిగింది. మిగతా మెస్సులవాళ్లూ వెనక గదులు కట్టించుకున్నారు. తాపీమేస్త్రీలకి చేతినిండా పని దొరికింది. ఉద్యమం వల్ల ఉపాధి పెరిగిందని మంత్రిగారు ఇంకో సభలో చెప్పారు.

నిన్న మధ్యాహ్నం మంత్రిగారు ఆదర్శ మెస్సుకి విచ్చేశారు. ముందు గదిలో టీవీవాళ్లు, మైకు, ఉపన్యాసం. నేను వైర్లు చూసే వంకతో వెనక గదిలోకి జారుకున్నాను. అంతలో ఎవరో తలుపు కొట్టారు. అక్క గడియ తీసింది. గుమ్మంలో డైరెక్టరుగారు.

ఆయన పొయ్యి చూశారు, మంట చూశారు, గరిటెతో బిగుసుకుపోయిన బావని చూశారు. అక్క చేతులు జోడించి, "ఈ ఒక్కసారికి కాయండి బాబూ, ఇది తప్ప మాకు ఇంకో ఆధారం లేదు," అంది ఏడుపుగొంతుతో.

డైరెక్టరుగారు వెనక్కి తిరిగి చూసి, సంచిలోంచి పచ్చిమాంసం ఉన్న స్టీలు డబ్బా తీశారు. "ఇంట్లో పిల్లలున్నారమ్మా. మధ్యదాకా ఉడకాలి," అన్నారు మెల్లగా.

ఆయన వెనకే మంత్రిగారి కారు డ్రైవరు, పెద్ద క్యారియరుతో నిలబడి ఉన్నాడు.

"అయ్యగారి ఉపన్యాసం ఇంకో అరగంట ఉంటుంది. అప్పటికి ఉడికించి ఇవ్వమన్నారు," అన్నాడు.

ముందు గదిలోంచి నా స్పీకర్లలో మంత్రిగారి గొంతు ఖంగుమంటోంది. అసలు మంట పెట్టినవాడు తన సొంత తమ్ముడైనా వదలరట. బావ క్యారియరు మూత తీసి, ముక్కని గరిటెతో నొక్కి చూశాడు.

"అరగంట చాలదు. ఇంకాసేపు మాట్లాడమని చెప్పు," అన్నాడు నాతో.

నేను వెళ్లి మైకు సర్దే వంకతో మంత్రిగారి చెవిన వేశాను. ఆయన తలూపి, గ్లాసుడు మంచినీళ్లు తాగి, వైరస్‌లకి మళ్లీ మొదటినుంచీ హెచ్చరిక మొదలుపెట్టారు.