చెవి బిరడాకు మంజూరు

మనిషి చెవి ప్రభుత్వ అనుమతి లేకుండానే తెరుచుకుని ఉంటుంది. మూయాలంటే మాత్రం అనుమతి కావాలి. ఈ సూక్ష్మం తెలియకే, కొంటా దగ్గర కంకర మిల్లులో రాళ్లు మోసే సోమి అన్ని తిప్పలు పడింది.

ఎనిమిదేళ్లు క్రషర్ పక్కన పనిచేసేసరికి ఆమె కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమదైనా దక్కించుకోవాలని తేనెమైనాన్ని అరచేతిలో వెచ్చబెట్టి, బూరుగుదూది కలిపి, పాత చీరపేలికలో చుట్టి రెండు బిరడాలు చేసింది. జారినా పోకుండా వాటికి దారం కట్టి మెడలో వేసుకుంది. నొప్పి లేదు, దురద లేదు, ఖర్చు అసలే లేదు. ఇంత సుఖాన్ని మిల్లు మున్షీ వెంకటనారాయణ ఓర్చుకోలేకపోయాడు.

"ముద్ర లేని సామాను చెవుల పెట్టుకుంటే, తనిఖీకి వచ్చినోళ్లకు నేనేం జవాబు చెప్పాలె? సర్కారు కాగితం పట్టుకురా, అప్పుడు పెట్టుకో." (ఖాళీ చెవుల గురించి ఏ తనిఖీదారూ ఇంతవరకు జవాబు అడగలేదు.)

సోమి జిల్లా శబ్దరక్షణ విభాగానికి వెళ్లింది. మైనం అడవిది కాబట్టి దస్త్రం వనసంపద గుర్తింపు గదికి, దూది ఉంది కాబట్టి నూలు నిర్ధారణ గదికి పోయింది. దారం కనబడగానే ఇది పరికరమా, తాయెత్తా అన్న అనుమానం వచ్చింది. దాని మీద ఉపసంఘం మూడుసార్లు కూర్చుని, బిరడాల మీద మంత్రం చదవలేదని సోమి చేత ప్రమాణం చేయించి హలఫ్‌నామా రాయించుకుంది. చదివి ఉంటే పని ఈపాటికి అయిపోయేదేమోనని ఆమెకు అనిపించింది.

అయిదో నెలలో పరిశీలనాధికారి సునీల్ స్వయంగా బిరడాలు పెట్టుకుని, కిటికీ పక్కన జనరేటర్ వేయించి, కుర్చీలో పది నిమిషాలు కునుకు తీశారు. లేచి సంతోషంగా సంతకం పెట్టారు.

"బహుత్ బఢియా, సోమిగారూ. మంజూరు చేశాను. కుడి చెవికి."

"కుడిదెందుకు సార్? అది ఎప్పుడో పోయింది గదా."

"అందుకే కదమ్మా. మన పథకం వినికిడి పోయినవాళ్లకు. బాగున్న చెవికి ఇస్తే ఆడిట్‌లో పట్టుకుంటారు."

సోమికి ఒళ్లు మండింది. "పోయినదానికి అడ్డం పెట్టి ఏం జేసుకోవాలె? ఉన్నది పోవద్దనే గద నేనింత తిరిగింది. నేను జేసిన బిరడా నా చెవికి పనికిరాదా, ఏంది?"

"రెండో బిరడా ఇప్పుడు ప్రభుత్వ నమూనా. ఇక్కడే జమ చేసుకుంటాం," అని సునీల్ మర్యాదగా చెప్పారు. ఆమెకు సాయం చేయాలన్న కోరిక ఆయనకు నిజంగానే ఉంది. "ఎడమది కూడా పోనివ్వండి. ఆ రోజే రండి, లైనులో నిలబడే పని లేకుండా నేనే ఇప్పిస్తాను."

తర్వాత ఆయన గది చివరకు నడిచి, గొంతు బాగా తగ్గించి అడిగారు. "నా మాట వినబడుతోందా?"

"వినబడుతున్నది సార్," అంది సోమి.

దరఖాస్తుదారు తన అనర్హతను స్వయంగా ఒప్పుకున్నారని సునీల్ దస్త్రంలో రాసుకున్నారు.